మూడుసార్లు తొలిపిన సీసా

"ఏమే, సీసాలు కడిగావా?"

"కడిగేశానండీ. ఎన్నిసార్లడుగుతారు? తీసుకెళ్ళండి."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివే. ఆయన మోపెడ్‌కి సంచీ తగిలించుకుని సుబ్బరాజు గారి రొయ్యల చెరువుకి వెళ్ళారు. చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి మా ల్యాబుకి తేవడం ఆయన పని. సీసాలు కడగడం నా పని. ఆ రోజు ఆయన నీళ్ళు పట్టి, సీసాలు సంచీలో సర్ది, గట్టు మీదే గుండె పట్టుకుని పడిపోయారు. సంచీ మాత్రం ఎవరో తెచ్చి ల్యాబులో ఇచ్చారు.

అందులో నాలుగు సీసాలున్నాయి. మూడు కడిగాను. నాలుగోది కడగలేదు. ముందురోజు అందులో ఉన్న వేరే చెరువు నీళ్ళు పారబోసి, మూత బిగించి, అలాగే పెట్టేశాను. కడిగానని అబద్ధం చెప్పి పంపాను.

ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు. పాస్టరు గారితో కూడా అనలేదు. ఇప్పుడు పైకి అంటున్నాను, మా తమ్ముడి కూతురు స్వర్ణ రాస్తోంది. నాకు అంకెలు వచ్చు, సంతకం వచ్చు, అంతకు మించి రాదు. స్వర్ణ రాజమండ్రిలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరబోతోంది. "అత్తా, మీ ల్యాబులో కంప్యూటరు చేసిన గొడవ మొత్తం చెప్పు. నేనూ రాసుకుంటాను, నాతో చేరేవాళ్ళకీ చూపిస్తాను" అంది.

"సీసాలు కడిగేదాని మాట కంప్యూటర్ల వాళ్ళకెందుకే?"

"నువ్వు చెప్పత్తా ముందు."

చెబుతున్నాను.

సీసాల పని

భీమవరం దగ్గర మా ఊళ్ళో వరిచేలు చెరువులైపోయిన రోజుల్లో ఆ ల్యాబు పెట్టారు. రైతు చెరువు నీళ్ళు తెచ్చిస్తే అందులో ఉప్పెంత ఉంది, అమ్మోనియా ఎంత ఉంది, రొయ్య బతుకుతుందా లేదా చూసి కాగితం రాసిస్తారు. ఆ కాగితం చూసి రైతు మేత వేస్తాడు, మానేస్తాడు, నీళ్ళు మారుస్తాడు, లేదా ఉన్న రొయ్య ఉన్నట్టు పట్టేస్తాడు. కాగితం తప్పయితే చెరువు తప్పుతుంది.

ఒక్కో చెరువుకి నాలుగు మూలల నుంచి నాలుగు సీసాలు. పరీక్ష అయ్యాక సీసాలు నా దగ్గరికి వస్తాయి. సబ్బు, మంచినీళ్ళు, ఆ తర్వాత ల్యాబులో కాచిన శుద్ధమైన నీళ్ళు, చివరికి బల్ల మీద తలకిందులుగా ఆరబెట్టడం. చెప్పడానికి ఇంతే. చేసి చూడండి, వేళ్ళ సందులు పాచిపోతాయి.

మొదటి ఏడాది నేనొక ఘనకార్యం చేశాను. సబ్బు జిడ్డుగా ఉందని, ఇంట్లో అంట్లు తోమినట్టు బూడిదతో తోమేశాను. ఆ రోజు వచ్చిన చెరువుల నీళ్ళన్నిట్లోనూ క్షారం పెరిగిపోయింది. ల్యాబు పెట్టిన ప్రసాద్ గారు కాగితాలన్నీ ముందేసుకుని, "ఏంటమ్మా, జిల్లా మొత్తం ఒక్కరోజే చెరువుల్లో సున్నం చల్లేసిందా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

మా ఆయన దేవదానం గారికి ఒక పద్ధతి ఉండేది. నేను ఎంత శుభ్రంగా కడిగిచ్చినా, గట్టు మీద నిలబడి ప్రతి సీసానీ ఆ చెరువు నీళ్ళతోనే మూడుసార్లు తొలిపేవారు. నింపడం, మూత పెట్టి ఆడించడం, గట్టు వెనక్కి పారబోయడం. ఇలా మూడుసార్లయ్యాకే అసలు నీళ్ళు పట్టేవారు. ప్రసాద్ గారు నేర్పిన పద్ధతే అది. కానీ ఎండ మాడుతుంటే మిగతావాళ్ళు ఒకసారి తొలిపి ఊరుకునేవారు. ఈయన మాత్రం మూడుసార్లూ తొలిపేవారు.

నాకది కష్టంగా ఉండేది. ఒకసారి అడిగేశాను.

"నా కడుగుడు మీద నమ్మకం లేదా మీకు?"

"నిన్ను నమ్మక కాదే. సీసాని నమ్మక."

"ఆ సీసా కడిగింది నేనేగా!"

"నువ్వు కడిగావు. మధ్యలో ఎవరి చేతిలో పడిందో, ఎక్కడ పెట్టారో నాకు తెలుసా? వెళ్ళినోడు కడిగాడా లేదా అని విచారించడం నా పని కాదు. నింపేవాణ్ణి నేను. నేనే తొలుపుకోవాలి."

దాని మీద మూడు రోజులు మాట్లాడలేదు నేను. ఆ కోపంలోనే ఒకటీ అరా సీసాలు వదిలేయడం మొదలుపెట్టాను. ఎలాగూ ఈయన తొలుపుకుంటాడుగా అని. ఆ ఆఖరి రోజు నాలుగో సీసా అలా వదిలేసిందే.

ఆయన పోయాక మొదట ఏడుపు, తర్వాత భయం. సుబ్బరాజు గారి ఆ రోజు కాగితం చెడ్డగా వచ్చింది. ఆయన ఆ కాగితం నమ్మి రొయ్య ఎదగకముందే చెరువు పట్టేశారు. నా మురికి సీసా వల్లే అలా వచ్చిందేమో. ఆ ఆఖరి రోజు దేవదానం గారు తొలిపారో లేదో నాకు తెలియదు. గుండెలో నొప్పితో ఉన్న మనిషి తొలిపి ఉంటాడా? సుబ్బరాజు గారిని అడగాలి. నీళ్ళు పట్టేటప్పుడు పక్కన ఉన్నది ఆయనే. అడగలేదు. ఆయన ల్యాబుకి వస్తే నేను వెనక షెడ్డులోకి వెళ్ళిపోయేదాన్ని. అలా పద్దెనిమిదేళ్ళు తప్పించుకున్నాను.

ప్రసాద్ గారు

యజమాని గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్రసాద్ గారికి నీళ్ళ సంగతి తెలిసినంతగా మనుషుల సంగతి తెలియదు. నీళ్ళు వాసన చూసి చెరువు ఏ దిక్కున ఉందో చెప్పగలరు. ఎదుటి మనిషి చెప్పేది మాత్రం సగం విని మిగతా సగం తనే పూర్తి చేసేస్తారు. మిషను చెబితే నమ్ముతారు, మనిషి చెబితే "నీకేం తెలుసమ్మా" అంటారు. మంచివాడే. మా ఆయన పోతే నన్ను మాన్పించకుండా ఉంచింది ఆయనే. మంచితనం వేరు, వినడం వేరు. మీకు దొరికే యజమానిలో మొదటిది ఉంటే సంతోషించండి, రెండోది ఉంటే వదలకండి.

కంప్యూటరు వచ్చాక

మొదట్లో పరీక్షల లెక్కలన్నీ నోటు పుస్తకంలో రాసేవాళ్ళు. తర్వాత రాజమండ్రి నుంచి మూర్తి గారని ఒకాయన వచ్చి కంప్యూటరు పెట్టారు. వచ్చినప్పుడల్లా రావులపాలెంలో బస్సు దిగి అరటిపళ్ళు కొనుక్కొచ్చి అందరికీ పంచేవారు. పరీక్షలు చేసే కుమారి ఒక్కో సీసా అంకె కంప్యూటర్లో వేసి, చెరువు నంబరు నొక్కితే, నాలుగు సీసాలూ కలిపి సగటు కట్టి కాగితం వచ్చేసేది. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్లో కూడా చూసుకునేవాడు.

కొన్నాళ్ళకి, కాగితం రావడానికి ఆలస్యం అవుతోందని ప్రసాద్ గారు విసుక్కున్నారు. మూర్తి గారు ఏదో మార్చారు. టకటకా రావడం మొదలైంది. అందరం మెచ్చుకున్నాం. ఆ రోజు కూడా అరటిపళ్ళు పంచారు.

ఆ తర్వాత రెండు వారాలకి సుబ్బరాజు గారు ల్యాబులోకి అరుచుకుంటూ వచ్చారు.

"ఏమయ్యా ప్రసాదూ! నా చెరువులో అమ్మోనియా ఉందని ఎర్ర గీత పెట్టి కాగితం ఇచ్చావు. నేను మేత ఆపేశాను. అవేమో ఆకలికి ఒకదాన్నొకటి పీక్కు తింటన్నాయి. అనుమానం వచ్చి ఇంకో ల్యాబులో చూపిస్తే నీళ్ళు బంగారంలా ఉన్నాయన్నారు. మీ దగ్గర సీసాలు కడుగుతారా, లేకపోతే కుక్కల చేత నాకించి ఇస్తారా?"

ఆ మాటకి గదిలో అందరూ నా వైపు చూశారు.

ప్రసాద్ గారు అడిగారు. "కరుణమ్మా, సీసాలు కడిగావా?"

అదే ప్రశ్న. అదే మనిషి చెరువు. ఈసారి నేను నిజంగా కడిగాను, నాలుగూ కడిగాను. కానీ గొంతు పెగల్లేదు. పద్దెనిమిదేళ్ళ కిందటి అబద్ధం అడ్డం పడింది. నా మౌనం చూసి అందరూ నేనే తప్పు చేశాననుకున్నారు.

ఆ వారంలోనే ఇంకో ఇద్దరు రైతులు కూడా అలాగే వచ్చారు. "కంప్యూటరు అబద్ధం చెప్పదు కదమ్మా, సీసాయే చెబుతుంది" అన్నారు ప్రసాద్ గారు. "నీకూ వయసైంది. ఈ శనివారంతో మానేద్దువుగానిలే." కోపంగా కూడా అనలేదు. జాలిగా అన్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది. పని పోతే పోతుంది. కడగని సీసాలిచ్చిందన్న పేరుతో పోవడం ఇష్టం లేకపోయింది.

ఎనిమిది

సుబ్బరాజు గారు విసిరికొట్టిన కాగితం నేల మీద పడి ఉంది. ఊడ్చేటప్పుడు తీశాను. నాకు అక్షరాలు రావు, అంకెలు వచ్చునని చెప్పానుగా. కాగితం అడుగున చిన్న గళ్ళలో ఎన్ని సీసాలు చూశారో వేస్తారు. నాలుగు ఉండాలి.

ఎనిమిది ఉంది.

కుమారి దగ్గరికి పరిగెత్తాను. "అమ్మా కుమారీ, సుబ్బరాజు గారి చెరువుకి ఎన్ని సీసాలు పంపాను నేను?"

"నాలుగే పిన్నీ. ఎప్పుడూ నాలుగేగా."

"మరి ఇక్కడ ఎనిమిది ఎందుకుంది?"

కుమారి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. అచ్చు తప్పేమో అంది. నేను వదల్లేదు. సీసా మురికిదైతే నీళ్ళు పాడవుతాయి కానీ, నాలుగు సీసాలు ఎనిమిది అవుతాయా? నా బూడిద సీసాలప్పుడు కూడా లెక్క పెరగలేదే! మిగతా ఇద్దరు రైతుల కాగితాలూ తీయించాను. ఒకదాని మీద ఎనిమిది, ఒకదాని మీద పన్నెండు. మంచిగా ఉన్న కాగితాలన్నిటి మీదా నాలుగే.

నా గొంతు అప్పుడు వచ్చింది. ప్రసాద్ గారి ముందు ఆ మూడు కాగితాలూ పెట్టి, "నేను నాలుగే కడిగానండి. మిగతావి ఎవరు కడిగారో మీ కంప్యూటర్ని అడగండి" అన్నాను. ఆయన సగమే విన్నారు. ఆ సగానికే మూర్తి గారికి ఫోన్ చేశారు. అది చాలు.

పెట్టెయ్యని ఫోను

మూర్తి గారు శుక్రవారం వచ్చారు. ముందు తన సొంత ల్యాప్‌టాప్‌లో పదిసార్లు నొక్కి చూపించారు. పదిసార్లూ నాలుగే. "ప్రోగ్రాము బాగానే ఉందండీ. మీవాళ్ళే రెండుసార్లు వేసుంటారు" అన్నారు. కుమారి మొహం ఎర్రబడింది. నా మీది నింద ఆ పిల్ల మీదికి మళ్ళుతోంది.

"మీ దాంట్లో కాదండీ, మా దాంట్లో నొక్కండి" అన్నాను. "ఇంకోటి. కరెంటు పోయి వచ్చిన పొద్దున కాగితాలు బాగుంటున్నాయి. మధ్యాహ్నానికి చెడుతున్నాయి. ఇన్వర్టరు పాడైన దగ్గర్నుంచీ చూస్తున్నాను."

ఆయన నా వైపు మొదటిసారి సరిగ్గా చూశారు. "కరెంటు పోయొస్తే బాగుంటోందా?"

"ఆయ్. పోయొచ్చాక కాసేపు."

మా కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టి, దాని ముందు కూర్చుని చెరువు తర్వాత చెరువు నొక్కారు. నాలుగు. నాలుగు. నాలుగు. ఎనిమిది. నాలుగు. ఎనిమిది. పన్నెండు. కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు.

"తప్పు నాదేనండీ."

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఆయన చెప్పింది ఇది. మాటలు స్వర్ణ సరిచేసింది, సంగతి ఆయనదే.

కాగితం కావాలని ఎవరైనా నొక్కితే, ప్రోగ్రాము అంకెలు దాచిన డేటాబేస్‌కి ఫోన్ చేసినట్టు ఒక కనెక్షన్ కలుపుతుంది. ఆ చెరువు అంకెలు నాలుగూ అక్కడే ఒక తాత్కాలిక పట్టికలో వేయిస్తుంది. టెంపరరీ టేబుల్ అంటారట. కొట్టువాడు మనం చెప్పిన సరుకులు పలక మీద రాసుకున్నట్టు. సగటు కట్టి కాగితం ఇచ్చేస్తుంది. ఫోన్ పెట్టేయగానే అవతలివాడు పలక తుడిచేస్తాడు. అందుకని తుడవమని మూర్తి గారు ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పనీ లేకపోయింది.

ప్రతిసారీ కొత్తగా ఫోన్ కలపడానికి సమయం పడుతోందని ఆయన పర్సిస్టెంట్ కనెక్షన్ పెట్టారు. అంటే మాట అయిపోయినా ఫోన్ పెట్టెయ్యరు. తర్వాతివాడి చేతికి అదే ఫోన్ అందిస్తారు. పని టకటకా అవుతుంది. కానీ ఫోన్ పెట్టలేదు కాబట్టి అవతలివాడు పలక తుడవలేదు. ముందువాడి నాలుగు అంకెల కింద తర్వాతివాడి నాలుగు అంకెలూ వేసుకుని, ఎనిమిదింటికీ సగటు కట్టి ఇచ్చాడు.

"మరి అన్నిసార్లూ ఎందుకు తప్పు రాలేదండీ?" అని కుమారి అడిగింది.

"అలాంటి ఫోన్లు ఐదున్నాయమ్మా. దేని పలక దానిదే, ఒకదానిది ఇంకోదానికి కనపడదు. ఎవరి చేతికి ఏది దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఖాళీ పలక ఉన్నది దొరికితే కాగితం బాగుంటుంది. రాసి ఉన్నది దొరికితే చెడుతుంది. కరెంటు పోతే ఐదూ తెగిపోతాయి, పలకలన్నీ శుభ్రం. నా ల్యాప్‌టాప్‌లో పాత పద్ధతే ఉంచేశాను, ప్రతిసారీ పెట్టేసే ఫోను. అందుకే నాకు ఎప్పుడూ కనపడలేదు."

ఆ తర్వాత ఇంకో మాట చెప్పారు. అది చెప్పకుండా దాచేసి ఉండొచ్చు. దాచలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

"ఈ మార్పు చేసిన రోజే 'ఆ పట్టిక ముందే ఉంది' అని కంప్యూటరు తప్పు చూపించిందండీ. ఎందుకుందా అని నేను ఆలోచించలేదు. 'లేకపోతే చెయ్యి, ఉంటే ఉన్నదాంట్లోనే వేసెయ్' అని ఒక్క ముక్క చేర్చాను. తప్పు చూపించడం మానేసింది. పోయిందనుకున్నాను."

"పోలేదండీ. మీరు నోరు నొక్కేశారు" అన్నాను.

"అంతేనమ్మా."

ఇప్పుడేం చేస్తారని అడిగాను. పాతలాగే ప్రతిసారీ ఫోన్ పెట్టేయిస్తే సరిపోతుంది కానీ మళ్ళీ ఆలస్యం అవుతుంది, లేకపోతే పని అయ్యాక చివర్లో పలక తుడవమని రాస్తానన్నారు.

"చివర్లోనా? మధ్యలో ఏదో అయి ఆ చివరిదాకా రాకపోతే?"

"నిజమే. మధ్యలో ప్రోగ్రాము ఆగిపోతే తుడవదు."

"వెళ్ళేవాడు కడిగాడా అని విచారించకండి. వచ్చినవాడే తొలుపుకోవాలి. ముందు తుడిచి, తర్వాత రాయమనండి." నా నోట్లోంచి మా ఆయన మాట వచ్చింది. నాకే తెలియకుండా వచ్చింది.

ప్రతి కాగితమూ మొదలవగానే, ఆ పేరుతో పాత పట్టిక ఉంటే తీసిపారెయ్యి, కొత్తది చెయ్యి, అప్పుడు అంకెలు వెయ్యి అని మార్చారు. తప్పు నోరు నొక్కిన ముక్క తీసేశారు. నా మాట మీద చివర్లో తుడవడం కూడా ఉంచారు. సీసా కడగడమూ ఉండాలి, తొలపడమూ ఉండాలి కదా. ఆ సాయంత్రం దాకా కుమారి నొక్కుతూనే ఉంది. నాలుగు, నాలుగు, నాలుగు. వంద నాలుగులు చూసినా విసుగు పుట్టలేదు నాకు.

ప్రసాద్ గారు "సోమవారం మామూలుగా వచ్చెయ్ కరుణమ్మా" అన్నారు. అలా కుదరదన్నాను. ఎవరి ముందు అడిగారో వాళ్ళ ముందే చెప్పమన్నాను. ఆయన ఆ ముగ్గురు రైతులనీ పిలిపించారు.

సుబ్బరాజు గారి మాట

అందరి ముందూ ప్రసాద్ గారు "సీసాలది తప్పు కాదు, మా కంప్యూటరుది" అని చెప్పారు. నేను ఈసారి షెడ్డులోకి పోలేదు. సుబ్బరాజు గారు నా దగ్గరికొచ్చారు.

"ఏమ్మా, నీ మీద అరిచేశాను. ఏమనుకోకు."

"పర్లేదండీ."

"అరిచాక నాకే సిగ్గేసింది. దేవదానం భార్యని సీసాలు కడిగావా అని అడగడమేంటని. అతనిలా సీసా తొలిపేవాణ్ణి నేను చూడలేదమ్మా."

ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని తెలుసు. "ఆ రోజు కూడా తొలిపారా అండీ? ఆఖరి రోజు?"

"ఎందుకు తొలపలేదూ! నాలుగు మూలలా నాలుగు సీసాలూ మూడేసి సార్లు. ఆ ఎండలో నేను పక్కన నిలబడి మాడిపోతన్నాను. 'ఏంటి దేవదానం, మీ చర్చిలో మనుషులకి ఒక్కసారేగా, సీసాకి మూడుసార్లు బాప్తిస్మం ఏంటయ్యా' అన్నాను. నవ్వాడు. 'మనిషి ఒక్కసారికి మారతాడేమో గానండీ, సీసా మారదు' అన్నాడు. సీసాలు సర్దుకుని కూర్చున్నాడు. అంతే."

"మరి ఆ కాగితం చెడ్డగా వచ్చింది కదండీ. చెరువు పట్టేశారు."

"పట్టబట్టే బతికానమ్మా! పక్క చెరువుల వాళ్ళందరికీ పది రోజుల్లో తెల్లమచ్చ రోగం వచ్చి తుడిచిపెట్టుకు పోయింది. ఆ కాగితం నిజం చెప్పింది."

నేనక్కడే కూలబడ్డాను. కుమారి మంచినీళ్ళు తెచ్చింది. ఏడ్చానని అనుకున్నారు. ఏడవలేదు, ఊపిరి పీల్చుకున్నాను. పద్దెనిమిదేళ్ళుగా సగమే పీలుస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు సీసాలు కడిగి మానేశాను.

చేరబోయేవాళ్ళకి

నేను ఆయనకి అబద్ధం చెప్పాను. అది అబద్ధమే. ఆయన తొలపడం వల్ల అది ఎవరి చెరువూ ముంచలేదు, అంతే. ఆయన నా అబద్ధాన్ని పట్టుకోలేదు, పట్టుకోవాల్సిన పనే లేకుండా పని చేశారు. నన్ను నమ్మలేదని మూడు రోజులు అలిగాను. ఆ నమ్మకపోవడమే నన్ను కాపాడింది.

మీరు సీసాలు కడిగినా, స్వర్ణలా ప్రోగ్రాములు రాసినా, ముందువాడు శుభ్రంగా వదిలి వెళ్ళాడనుకుని మొదలుపెట్టకండి. తప్పు చూపిస్తే నోరు నొక్కకండి, ఎందుకు చూపించిందో అడగండి. మీ ఇంట్లో బాగా వచ్చిందని రైతు ఇంట్లో బాగుందనుకోకండి. అంకె ఎనిమిదైతే, అది చూసినవాళ్ళకి అక్షరాలు రాకపోయినా సరే, వినండి.

చాలే స్వర్ణా, చెయ్యి నొప్పెడుతుంది. ఇక మొదట్నుంచీ చదివి వినిపించు. కళ్ళద్దాలు తుడుచుకుని చదువు. ఆయన ప్రశ్న చదువు, నా జవాబూ చదువు. అక్కడ ఆగకు, నా మొహం చూడకు. సుబ్బరాజు గారి మాట దాకా గట్టిగా చదువు.